ధైర్యం చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు

మా కాలనీ కమ్యూనిటీ హాల్లో క్యాన్సర్ అవగాహన సభ పెట్టారు. పెద్దపేగు క్యాన్సర్ నుంచి కోలుకున్న ఒక రిటైర్డ్ ఆఫీసరు గారు మైకు తీసుకుని బాగా మాట్లాడారు. "డాక్టర్లు చేసింది సగమే. మిగతా సగం నా విల్ పవర్. నేను దానికి లొంగలేదు, చివరికి అదే నాకు లొంగింది" అన్నారు. హాలంతా చప్పట్లు. నా పక్క కుర్చీలో మా పై ఫ్లోరు ఆంటీ కూర్చుని ఉన్నారు. ఆవిడ భర్త ఏడాది కిందట ప్యాంక్రియాస్ క్యాన్సర్‌తో పోయారు. చప్పట్లు సద్దుమణిగాక నావైపు వంగి, "అంటే మా వారికి ధైర్యం చాలకపోయిందనా?" అన్నారు.

నేనేదో సర్దిచెప్పాను, ఆవిడా తలూపారు. ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఆ ఆఫీసరు గారి మీద నాకు కోపమేమీ లేదు. ఆపరేషన్, నెలల తరబడి కీమో దాటుకుని వచ్చిన మనిషికి తన కథ తనకి తోచినట్టు చెప్పుకునే హక్కు ఉంటుంది. నా తగువంతా ఆ మాటని సలహాగా మార్చి, కొత్తగా జబ్బు బయటపడ్డ ప్రతివాళ్లకీ పంచిపెట్టే మన అలవాటుతోనే. "ధైర్యంగా ఉండు, సగం జబ్బు అదే పోతుంది." వాట్సాప్‌లో, పలకరింపుల్లో, ఒక్కోసారి డాక్టరు గది బయట కూడా వినిపించే మాట ఇది.

క్యాన్సర్ ఉన్నవాళ్లకి మానసిక సాయం అందాలని నేను గట్టిగా నమ్ముతాను. అది కీమోతో పాటు, అదే ఆసుపత్రిలో, అడక్కుండానే అందాలి. అయితే మనసు కుదుటపడితే గడ్డ కరుగుతుందన్న ఆశతో దాన్ని అడగడం మాత్రం నాకు ఇష్టం లేదు. మనిషి బాధపడుతున్నాడు, ఆ బాధ తగ్గించే పద్ధతులు ఉన్నాయి. అడగడానికి ఆ ఒక్క కారణం చాలు.

ఆ ఆశకి కూడా ఒక చరిత్ర ఉంది

'విల్ పవర్' మాట ఊరికే పుట్టలేదు. 1979లో లండన్‌లో స్టీవెన్ గ్రీర్ అనే సైకియాట్రిస్టు, ఆయన సహచరులు రొమ్ము క్యాన్సర్ వచ్చిన కొద్దిమంది ఆడవాళ్లని కొన్నేళ్లపాటు గమనించి ఒక వ్యాసం రాశారు. జబ్బుని ఎదిరిస్తామన్న పట్టుదల ఉన్నవాళ్ల ఫలితాలు నిస్సహాయంగా కుంగిపోయినవాళ్ల కన్నా మెరుగ్గా ఉన్నాయని అందులో తేలింది. తమకి అసలు జబ్బే లేదన్నట్టు తిరిగినవాళ్ల ఫలితాలు కూడా బాగానే ఉన్నాయి. ఆ రెండో ముక్క మాత్రం ఏ సభలోనూ ఎవరూ చెప్పరు.

పదేళ్ల తర్వాత, 1989లో, స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ స్పీగెల్ అధ్యయనం ఇంకా పెద్ద సంచలనం. క్యాన్సర్ ఇతర భాగాలకి పాకిన 86 మంది ఆడవాళ్లలో కొందరిని వారానికోసారి ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించారు. చావు భయం, భర్తతో గొడవలు, నొప్పి, అన్నీ దాచుకోకుండా మాట్లాడుకునే గ్రూపు అది. గ్రూపుకి వచ్చినవాళ్లు సగటున 36.6 నెలలు బతికారు, రానివాళ్లు 18.9 నెలలు. మాట్లాడుకుంటే ఆయుష్షు రెట్టింపవుతుందంటే ఎవరికి ఆశ పుట్టదు!

తర్వాతి కథ అంతగా ప్రచారం కాలేదు. 2001లో కెనడాలో పమేలా గుడ్విన్ బృందం 235 మందితో అలాంటి గ్రూపులే నడిపి చూసింది. ఆయుష్షులో తేడా కనబడలేదు. 2007లో స్పీగెల్ తానే 125 మందితో మళ్లీ చేశారు. మొత్తం మీద చూస్తే ఆయనకీ తేడా రాలేదు. పట్టుదల సంగతి తేల్చడానికి 1999లో మ్యాగీ వాట్సన్ బృందం తొలిదశ రొమ్ము క్యాన్సర్ ఉన్న 578 మందిని చూసింది. గ్రీర్ కూడా ఆ బృందంలో ఉన్నారు. ఎదిరించే పట్టుదలకీ బతికే కాలానికీ సంబంధం కనబడలేదని రాశారు. 2007లో జేమ్స్ కోయిన్ తల, మెడ క్యాన్సర్లు ఉన్న వెయ్యికి పైగా రోగుల లెక్కలు చూసి, వాళ్ల మానసిక స్థితికీ ఆయుష్షుకీ లంకె లేదని చెప్పారు.

ఆంటీ ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. వాళ్ల ఆయన పోవడానికి ఆయన ధైర్యంతో సంబంధం లేదు. ప్యాంక్రియాస్ క్యాన్సర్ చాలామందిలో బాగా ముదిరాకే బయటపడుతుంది. అదీ కారణం.

ఇక్కడ నాకు అడ్డొచ్చే విషయం ఒకటుంది, దాటేస్తే బాగుండదు. 1999 అధ్యయనంలోనే, తీవ్రమైన నిస్సహాయతలో కూరుకుపోయినవాళ్ల ఫలితాలు కొంత అధ్వాన్నంగా ఉన్నాయి. అలా కుంగిపోయినవాళ్లు మందులు సరిగా వేసుకోకపోవచ్చు, సరిగా తినకపోవచ్చు, కీమో మధ్యలో మానేయొచ్చు. లేదా ఒంట్లో జబ్బు ముదరడం వల్లే మనసు అంతగా కుంగి ఉండొచ్చు. ఏది ముందో ఏది వెనకో తేల్చడం కష్టం. అలాంటప్పుడు డిప్రెషన్‌కి వైద్యం చేస్తే ఆయుష్షు పెరగాలి కదా అనిపిస్తుంది. స్కాట్లాండ్‌లో అదీ చూశారు. 2014లో మైకేల్ షార్ప్ బృందం క్యాన్సర్‌తో పాటు డిప్రెషన్ ఉన్న 500 మందితో చేసిన అధ్యయనంలో, ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు, వాళ్ల వెనక సైకియాట్రిస్టులు కలిసి వైద్యం చేశారు. ఆరు నెలలకి 62 శాతం మందికి డిప్రెషన్ సగానికి సగం తగ్గింది. మామూలు పద్ధతిలో వదిలేసినవాళ్లలో అలా తగ్గింది 17 శాతం మందికే. తర్వాత కొన్నేళ్లు చూస్తే, ఆయుష్షులో చెప్పుకోదగ్గ తేడా లేదు.

నా వాదన మొత్తం ఈ ఒక్క అధ్యయనం మీద నిలబెట్టినా నిలబడుతుంది. ఆయుష్షు పెరగలేదు కాబట్టి ఆ వైద్యం వృథా అనగలమా? పొద్దున లేవాలనిపించని మనిషికి లేవాలనిపించింది. మనవడితో మాట్లాడబుద్ధి కానివాళ్లకి మాట్లాడబుద్ధి అయింది. మోకాలి నొప్పికి మందిచ్చేటప్పుడు దానివల్ల ఎన్నేళ్లు ఎక్కువ బతుకుతారని ఎవరూ అడగరు. మనసు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది ఇంకేదో ఉపకారం చేస్తేనే ఒప్పుకుంటాం.

ఇందులో ఇంకో ప్రమాదం కూడా ఉంది. 'మనసే మందు' అన్నది ఒప్పుకుంటే తర్వాత తలుపు తట్టేది సైకాలజిస్టు కాదు. ఎనర్జీ హీలింగ్ వాళ్లు, పూర్వజన్మ కర్మలు కడిగేస్తామనేవాళ్లు, రెండు రోజుల శిబిరంలో కణకణానికీ సందేశం పంపడం నేర్పిస్తామనేవాళ్లు. అలాంటి శిబిరం కరపత్రం ఒకటి, క్యాన్సర్ వచ్చిన మా పిన్నికి బంధువులే తెచ్చిచ్చారు. ఫీజు ఎంతో అందులో లేదు, ఫోన్ చేస్తే చెబుతారట. జబ్బు తగ్గిస్తామన్న హామీల పోటీలో నిజాయితీగా పనిచేసే కౌన్సెలర్ ఎప్పుడూ వెనకబడే ఉంటారు. ఎందుకంటే ఆ హామీ ఆవిడ ఇవ్వలేరు.

వాంతులు, నిద్ర, ఒక నర్సు

మా పిన్నిది తెనాలి దగ్గర పల్లెటూరు. రొమ్ము క్యాన్సర్‌కి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వైద్యం చేయించుకుంది. మొదటి రెండు మూడు కీమోలు అయ్యాక కొత్త సమస్య మొదలైంది. మందు ఎక్కించాక వాంతులవడం అందరికీ తెలిసిందే. ఈవిడకి మాత్రం ఆటో ఆసుపత్రి రోడ్డు తిరగ్గానే కడుపులో తిప్పేది. లిఫ్టులో ఫినాయిల్ వాసన తగిలితే చాలు, వాంతి. సూది కూడా గుచ్చక ముందే. "అంత భయపడితే ఎట్లా, మనసు గట్టి చేసుకో" అని బాబాయి. "ఆవిడ మొదట్నుంచీ సున్నితం" అని వాళ్ల ఆడపడుచు.

ఇది పిరికితనం కాదు. దీనికి వైద్యంలో పేరూ ఉంది, వివరణా ఉంది. మందు, వాంతి, ఆ వాసన మళ్లీ మళ్లీ కలిసి రావడంతో శరీరం వాటిని ముడివేసుకుంటుంది. తర్వాత వాసన ఒక్కటి చాలు. పావ్‌లోవ్ కుక్క పాఠం మనమంతా స్కూల్లో చదువుకున్నదే. ఒకసారి ముడిపడ్డాక వాంతుల మాత్రలు దీనిమీద అంతగా పనిచెయ్యవు. పనిచేసేది ఎక్కువగా మానసిక చికిత్సే. 1982లోనే అమెరికాలో గ్యారీ మారో అనే సైకాలజిస్టు, ఒళ్లు వదులు చెయ్యడం నేర్పించి, ఆ స్థితిలో ఆసుపత్రికి రావడాన్ని మెట్టుమెట్టుగా ఊహింపజేసి, ఈ వాంతులు తగ్గించవచ్చని చూపించారు.

మా పిన్ని అదృష్టం, డే కేర్ వార్డులో ఒక నర్సమ్మ ఉండేది. ఆవిడ సైకాలజీ చదివిందేమీ కాదు. "అమ్మా, ఇది మీ ఒక్కరికే కాదు, చాలామందికి అవుతుంది" అని మొదట చెప్పింది. తర్వాత పక్కన కూర్చుని కాలి వేళ్ల నుంచి మొదలుపెట్టి ఒక్కో కండరం బిగబట్టి వదలడం, ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పింది. రోజూ ఇంట్లో రాత్రిపూట చెయ్యమంది. వాంతులు పూర్తిగా పోలేదు. కానీ ఆటోలో కవరు చేతిలో పట్టుకుని కూర్చోవడం మానేసింది పిన్ని. అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది మాత్రం మొదటి వాక్యమే. తను పిరికిది కాదని ఆ రోజు పిన్నికి తెలిసింది.

నిద్ర సంగతి కూడా ఇలాంటిదే. కీమో అయిన రెండు మూడు రాత్రులు కళ్లు మూతపడేవి కావు. చీకట్లో లేచి బీరువా సర్దేది. 'ఆలోచనలు ఎక్కువైపోయాయి' అని ఇంట్లో నిర్ధారించేశారు. కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ స్టెరాయిడ్ నిద్ర చెడగొడుతుందనీ, చిరాకు పుట్టిస్తుందనీ, తర్వాత రోజుల్లో నీరసపడేట్టు చేస్తుందనీ, మాత్ర వేసుకునే వేళ మారిస్తే కొంత ఉపశమనం ఉండొచ్చనీ ఎవరూ చెప్పలేదు. మనసుకి అంటగట్టిన వాటిలో కొన్ని మందు పనులే. అదీ తెలిసినవాళ్లే విడదీసి చెప్పాలి. మానసిక సాయం అంటే నా దృష్టిలో ఇది కూడా.

మందుల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. రొమ్ము క్యాన్సర్‌కి టామొక్సిఫెన్ వేసుకునేవాళ్లకి డిప్రెషన్ వస్తే పారొక్సెటిన్ లాంటి కొన్ని మందులు పనికిరావు. లివర్‌లో టామొక్సిఫెన్‌ని పనిచేసే రూపంలోకి మార్చే ఎంజైమ్‌ని అవి అడ్డుకుంటాయి. వెన్లాఫాక్సిన్ లాంటివి అంతగా అడ్డుపడవు, పైగా ఒంట్లోంచి ఆవిర్లు రావడాన్ని కూడా తగ్గిస్తాయి. ఊళ్లో మెడికల్ షాపు వాడు ఇచ్చిన నిద్రమాత్రతో, ఆర్‌ఎంపీ రాసిన 'నరాల మాత్ర'తో తేలే విషయం కాదిది. క్యాన్సర్ డాక్టరూ సైకియాట్రిస్టూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి.

"ఆయనకి చెప్పకండి"

మన ఇళ్లలో మానసిక సాయం అనుకుంటూ చేసే పెద్ద పని దాచిపెట్టడం. రిపోర్టు కొడుకు చేతికి వస్తుంది. కొడుకు డాక్టరు గదిలోకి ముందు ఒక్కడే వెళ్లి, "నాన్నకి చెప్పకండి సార్, తట్టుకోలేడు" అంటాడు. డాక్టరు గారు ఒప్పుకుంటారు. కాదంటే ఇంకో ఆసుపత్రికి పోతారని ఆయనకీ తెలుసు.

మా దూరపు బంధువు ఒకాయనకి ఒంగోలులో ఇలాగే చేశారు. కడుపులో పుండు అని చెప్పారు. ఆయన స్కూలు టీచరుగా పనిచేసి రిటైరయినవారు. తీసుకెళ్లిన ఆసుపత్రి గేటు మీద 'క్యాన్సర్' అని నిలువెత్తు అక్షరాలు ఉన్నాయి. నేను చూడ్డానికి వెళ్లినప్పుడు, అత్తయ్య కాఫీ కోసం లోపలికి వెళ్లగానే, గొంతు తగ్గించి అన్నారు: "నాకు తెలుసు. మీ అత్తయ్యకి చెప్పకు, బెంగపెట్టుకుంటుంది." ఇద్దరూ ఒకే మంచం పక్కన కూర్చుని ఎవరికి వాళ్లు నటించారు. బ్యాంకు పాస్‌బుక్కులు ఎక్కడున్నాయో చెప్పలేదు. అన్నదమ్ముల మధ్య మాటల్లేక పదేళ్లయింది, పిలిపించమని అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది కదా, తనకి తెలుసని.

ఇక్కడ నేను 'అందరికీ అన్నీ చెప్పేయాలి' అనే జట్టులో లేను. అమెరికాలో పనిచేసే మా కజిన్ అలాగే అంటాడు. రోగి హక్కు, చెప్పి తీరాలి అంటాడు. నిజంగానే తెలుసుకోవద్దనుకునేవాళ్లు ఉంటారు. "అవన్నీ మా పెద్దోడు చూసుకుంటాడు" అని హాయిగా పక్కకి తిరిగి పడుకునేవాళ్లని నేను చూశాను. వాళ్ల మీద స్టేజీలూ శాతాలూ కుమ్మరించడం దయ అనిపించుకోదు. అయితే తెలుసుకోవాలో వద్దో తేల్చాల్సింది కొడుకా, ఆయనా? 2000లో అమెరికాలో వాల్టర్ బెయిల్, కెనడాలో రాబర్ట్ బక్‌మన్ వంటి డాక్టర్లు కలిసి చెడు వార్త చెప్పడానికి ఆరు మెట్ల పద్ధతి రాశారు. అందులో చెప్పడానికి ముందే, అడగాల్సిన మెట్లు రెండున్నాయి. ఇప్పటిదాకా మీకు ఏం తెలుసు, ఇకపై ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారు అని అడగడం. ఆ రెండో ప్రశ్నకి "మావాడితో మాట్లాడండి" అని జవాబు వస్తే, అదీ ఆయన నిర్ణయమే. కొడుకుని కూడా పక్కన కూర్చోబెట్టుకుని, "చెబితే ఏమవుతుందని మీ భయం?" అని అడిగే మనిషి కావాలి. ఆ భయం ఎక్కువసార్లు కొడుకుదే. తండ్రి ఏడిస్తే తను చూడలేడు. కాబట్టి ఆ గదిలో సాయం కావాల్సింది ఇద్దరికీ.

తిండికి లేనివాడికి కౌన్సెలింగా?

ఈ విషయం ఎక్కడ ఎత్తినా వచ్చే ఎదురు ప్రశ్న ఇది. గట్టి ప్రశ్నే. 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది, ఆపరేషన్‌కీ కీమోకీ డబ్బు వస్తుంది. కానీ పోయిన కూలికి, తోడొచ్చిన మనిషి కూలికి, ఆసుపత్రి దగ్గర గది అద్దెకి, బస్సు చార్జీలకి ఎవరిస్తారు? ఇవి లేక అప్పు చేసిన కుటుంబం దగ్గరికి వెళ్లి "మీ ఫీలింగ్స్ గురించి మాట్లాడదాం" అంటే వెటకారంలా ఉంటుంది.

అయితే ఈ రంగాన్ని మొదలుపెట్టినవాళ్లే దీన్ని గుర్తించారు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో 1977లో జిమ్మీ హాలండ్ అనే సైకియాట్రిస్టు క్యాన్సర్ రోగుల కోసం ప్రత్యేక విభాగం మొదలుపెట్టారు. 'పాజిటివ్‌గా ఉండి తీరాలి' అంటూ రోగుల మీద పెట్టే ఒత్తిడిని ఆవిడ నియంతృత్వమని తిట్టిపోశారు కూడా. డిప్రెషన్, ఆందోళన లాంటి పదాలు వాడితే రోగులు వెనక్కి తగ్గుతారని, ఆవిడా సహచరులూ థర్మామీటరు బొమ్మ ఒకటి ప్రచారంలోకి తెచ్చారు. ఈ వారం ఎంత బాధగా ఉందో 0 నుంచి 10 వరకు గీత పెట్టమంటారు. 4 గానీ అంతకు మించి గానీ ఉంటే ఇంకా అడిగి తెలుసుకోవాలి. ఆ బొమ్మ పక్కన ఒక జాబితా ఉంటుంది: పిల్లల్ని ఎవరు చూసుకుంటున్నారు, ఎలా వచ్చి వెళ్తున్నారు, డబ్బు, ఉద్యోగం, నొప్పి, నిద్ర, దేవుడి మీద నమ్మకం. అంటే బస్సు చార్జీ కూడా ఆ లెక్కలోనే ఉంది.

పిన్నితో వెళ్లినప్పుడు వెయిటింగ్ హాల్లో ఒకావిడ పరిచయమయ్యారు. పొద్దుట్నుంచీ గోళ్లు కొరుకుతూ, నిమిషానికోసారి టైమ్ అడుగుతూ ఉన్నారు. కీమో అంటే భయమేమో అనుకున్నాం. కాదట. మధ్యాహ్నం బస్సు తప్పితే వాళ్ల ఊరికి మళ్లీ సాయంత్రమే, ఇంట్లో పదేళ్ల కూతురు ఒక్కతే ఉంది. నర్సమ్మకి చెబితే తర్వాతి సారి నుంచి ఆవిడకి పొద్దున మొదటి బెడ్ ఇచ్చారు. మళ్లీ కలిసినప్పుడు ఆవిడ వేరే మనిషిలా ఉన్నారు. ఏ థెరపీ చెయ్యలేదు, ఒక్క ప్రశ్న అడిగారంతే.

ఒక అనుమానం నాకే ఉంది. ఈ థర్మామీటరు కాగితం అన్ని ఆసుపత్రుల్లో పెడితే ఏమవుతుందో ఊహించగలను. అటెండరు పెన్ను ఇచ్చి టిక్ పెట్టించుకుంటాడు, కాగితం ఫైల్లో కుట్టేస్తారు, ఆసుపత్రికి గుర్తింపు ఇవ్వడానికి వచ్చే తనిఖీ వాళ్లకి చూపిస్తారు. జ్వరం చూసి రాసుకుని మాత్ర ఇవ్వకపోతే థర్మామీటరు ఎందుకు? విదేశాల్లో కూడా, అడిగి వదిలేసినచోట రోగులకి ఒరిగింది పెద్దగా లేదు. అడిగిన తర్వాత చూపించడానికి ఒక మనిషి ఉండాలి.

ఆ మనిషి ఎవరు?

అంతమంది సైకాలజిస్టులు మన దగ్గర లేరు, రేపటికి రారు. నేను ఆశ పెట్టుకున్నది నర్సుల మీద, సోషల్ వర్కర్ల మీద. స్కాట్లాండ్‌లో ఆ 62 శాతం సాధించింది ప్రధానంగా నర్సులే. మన దేశంలోనే గోవాలో విక్రమ్ పటేల్ బృందం, మానసిక వైద్యంలో డిగ్రీలూ వృత్తి అనుభవమూ లేని మామూలు మనుషులకి కొన్ని వారాల శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లకి వైద్యం చేయించింది. ఆ ఫలితాలు 2016 చివర్లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చోవడం, మానేసిన పనుల్లో ఒక్కొక్కటీ మళ్లీ మొదలుపెట్టించడం, అంతే పద్ధతి. పనిచేసింది. వాళ్లు క్యాన్సర్ రోగులు కారు, నిజమే. కానీ మన పల్లెల్లో మనవాళ్లతో, మన భాషల్లో ఇది కుదురుతుందా అన్న అనుమానం మాత్రం తీరింది.

మన దగ్గరా శూన్యమేమీ కాదు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం, అంటే రోగి నొప్పినీ బాధనీ తగ్గించడానికి చూసే విభాగం, చాలా ఏళ్లుగా నడుస్తోంది. తెలంగాణలో 'ఆలన' పేరుతో జిల్లాల్లో కేంద్రాలు పెట్టి ఇళ్లకి వెళ్లి చూస్తున్నారు. కానీ పాలియేటివ్ అనగానే జనం 'ఇంకేమీ చెయ్యలేమని పంపించేశారు' అనుకుంటారు. ఆలస్యంగా వెళ్లడం వల్లే ఆ పేరొచ్చింది. 2010లో అమెరికాలో జెన్నిఫర్ టెమెల్ బృందం, ఊపిరితిత్తుల క్యాన్సర్ పాకిన 151 మందిలో సగం మందికి రోగం బయటపడ్డ కొత్తలోనే ఈ సేవ మొదలుపెట్టింది. ఆ సేవ అందనివాళ్లలో 38 శాతం మందికి డిప్రెషన్ లక్షణాలు ఉంటే, అందినవాళ్లలో 16 శాతం మందికే ఉన్నాయి. వాళ్లు కొన్ని నెలలు ఎక్కువ బతికారు కూడా. ఈ చివరి వాక్యాన్ని నా వాదనకి వాడుకోవాలని మహా కోరికగా ఉంది, కానీ ఇప్పటిదాకా ఆయుష్షు లెక్క పక్కన పెట్టమన్న నేను ఇక్కడ దాన్ని ఎత్తుకోవడం న్యాయం కాదు.

రాత్రిపూట ఎవరితోనూ చెప్పుకోలేనివాళ్లకి టెలీ మానస్ ఉంది. 2022 అక్టోబరులో మొదలైంది, 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. క్యాన్సర్ ప్రత్యేకంగా తెలిసినవాళ్లు కాకపోవచ్చు, వినేవాళ్లు మాత్రం ఉంటారు. ఇన్సూరెన్స్ సంగతి చెప్పుకోకపోవడమే మేలు. శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలని 2017 చట్టంలో రాశారు. మన పాలసీల్లో ఎక్కువ భాగం ఆసుపత్రిలో చేరి మంచం ఎక్కితేనే డబ్బిస్తాయి. కౌన్సెలింగ్‌కి ఎవరూ మంచం ఎక్కరు.

'పిచ్చి డాక్టరు దగ్గరికి నన్నెందుకు పంపుతున్నారు' అన్న మాట గురించి చాలామంది బాధపడతారు. నాకు అది అంత పెద్ద అడ్డంకిగా కనబడదు. వేరే బిల్డింగులో, వేరే బోర్డు కింద, వేరే రోజున పెడితే ఎవరైనా అలాగే అనుకుంటారు. కీమో ఎక్కుతున్న కుర్చీ పక్కకే వచ్చి "నిద్ర ఎలా ఉంది" అని అడిగిన మనిషిని ఎవరూ పిచ్చి డాక్టరు అనలేదు, కనీసం నేను చూసినంతలో.

అన్నీ అయిపోయాక

పిన్ని రేడియేషన్ ఆఖరి రోజు స్వీట్లు పంచారు. రేడియేషన్‌ని ఊళ్లో కరెంటు పెట్టడం అంటారు, అది అయిపోయింది అన్నారు అందరూ. ఫోన్లు తగ్గాయి. పచ్చళ్లు, పళ్లు తెచ్చే చుట్టాలు తగ్గారు. పిన్నికి అసలు కష్టం అప్పుడు మొదలైంది. వైద్యం జరుగుతున్నన్నాళ్లూ ఏదో ఒకటి చేస్తున్నామన్న భరోసా ఉండేది. ఇప్పుడు నడుం నొప్పి వస్తే ఎముకలకి పాకిందేమో, దగ్గు వస్తే ఊపిరితిత్తులకేమో. చెకప్‌కి వారం ముందు నుంచి అన్నం సహించదు. రిపోర్టు బాగుందంటే మూడు రోజులు సంతోషం, తర్వాత మళ్లీ మొదలు. "బాగైపోయావుగా, ఇంకా ఏంటి" అంటారు. దానికి ఆవిడ దగ్గర జవాబు లేదు.

ఈ భయానికి ప్రత్యేకంగా తయారైన పద్ధతులున్నాయి. సిడ్నీలో ఫిల్లిస్ బ్యూటో బృందం చేసినది ఒకటి. భయం అర్థం లేనిదని వాదించరు, ఎందుకంటే జబ్బు మళ్లీ రావచ్చన్నది నిజమే. ఏ లక్షణానికి డాక్టరు దగ్గరికి పరిగెత్తాలో, దేనికి ఆగి చూడొచ్చో ముందు తేల్చుకుంటారు. ఆలోచన ఒకే చోట తిరగకుండా దృష్టి మళ్లించడం సాధన చేయిస్తారు. మిగిలిన కాలంలో తనకి ఏది ముఖ్యమో మాట్లాడతారు. మా పిన్నికి ముఖ్యమైనది చిన్న కూతురి పెళ్లి, ఇంటి వెనక జామచెట్టు, ఇంకా ఒక కోర్టు కేసు. చివరిది విని నర్సమ్మ నవ్వేసింది.

బాబాయి సంగతి రాయడం మొదలుపెడితే ఇంకో పోస్టు అవుతుంది. ఆయనకి బీపీ వచ్చింది, పిన్నికి చెప్పొద్దన్నారు.

వచ్చే నెల చెకప్ ఉంది. ఈసారి సైకాలజిస్టుని కూడా కలవాలని పిన్ని తనే అంది. ఆసుపత్రికి ఫోన్ చేశాను. సైకాలజిస్టు మంగళ, శుక్రవారాలు మాత్రమే వస్తారట, పిన్ని చెకప్ బుధవారం. చెకప్ మంగళవారానికి మార్చమని అడిగాను. మంగళవారం డాక్టరు గారు ఆపరేషన్ థియేటర్లో ఉంటారన్నారు. శుక్రవారం క్యాంపు. రెండుసార్లు రండి, ఇబ్బందేముంది అంది కౌంటర్లో అమ్మాయి. తెనాలి నుంచి అని చెప్పాను. పోనీ ఫోన్లో మాట్లాడే వీలుంటుందా అంటే, కనుక్కుని చెబుతానని నంబరు రాసుకుంది.